శెనక్కాయ పొట్టు నిప్పులు

మా తమ్ముడు కొత్తగా కట్టించుకున్న పట్టుపురుగుల షెడ్డులో మొన్న చలికి హీటరు వేశాడు. ఎర్రగా కాలిన తీగ మీద దుమ్ము మాడి చేదు వాసన గుప్పున కొట్టింది. గోడకు వేడి చూపించే డబ్బా, కిటికీలకు నైలాను తెరలు, మూలన నీటి ఆవిరి వదిలే మిషను, ఒక్కొక్కటే చూపిస్తూ, "సూడుక్కా, బయట మంచు పడనీ, ముసురు పట్టనీ, లోపల పురుక్కి తెలీనే తెలీదు" అని మురిసిపోయాడు. మురవనీ పాపం, కష్టపడి కట్టుకున్నాడు. నాకు మాత్రం ఆ మాడు వాసన తగలగానే శెనక్కాయ పొట్టు నిప్పులు గుర్తొచ్చాయి. ఇదే చోట, ఇదే చలిలో, ఒక్క కాసు ఖర్చు లేకుండా పురుగులను వెచ్చగా పెట్టి చూపించిన మనిషి ఒకామె ఉండేది. ఆ పనితనాన్ని తలుచుకునేవాళ్లు ఈ ఇంట్లో ఇప్పుడు నేను తప్ప ఎవరూ లేరు.

మా ఊరు హిందూపురానికీ పెనుకొండకూ నడుమ, బస్సు దిగి గట్ల మీద నడిచి పోవాల్సిన ఊరు. మా వైపు అంటే ఎండలు, కరువు తప్ప ఇంకేమీ లేదనుకునే వాళ్లకు మా చలికాలం సంగతి తెలియదు. కార్తీకం దాటిందంటే పొద్దున పూట పెనుకొండ కొండ ఉందో లేదో తెలిసేది కాదు, చొప్పవాముల మీద మంచు తడిసి బరువెక్కేది, బావిలో నీళ్ల మీద ఆవిరి లేచేది, మేం పిల్లలం మోకాళ్లు లంగాల్లోకి ముడుచుకుని ఎండపొడ పడిన అరుగు మీద వరసగా కూర్చుని అనపకాయలు ఒలిచేవాళ్లం. ఆ కాయల జిడ్డు, దాని ఘాటైన వాసన రెండు రోజులు కడిగినా వేళ్లను వదిలేది కాదు. మా అవ్వ, అంటే నాయన తల్లి, నానిన గింజలను రెండు వేళ్ల మధ్య పితికి తోలు ఊడగొడుతుంటే పప్పు ఎగిరి మా ముఖాల మీద పడేది, మేం నవ్వేవాళ్లం, అవ్వ తిట్టేది. ఆ పితికిపప్పు పులుసు రాగిసంగటి ముద్దలో గుంట చేసి పోసుకుని ఊదుకుంటూ తింటే చలి ఎటుపోయిందో తెలిసేది కాదు. మాకు ఆ చలి పండగలాగా ఉండేది. మా అత్త ఒక్కతే దానికి భయపడేది.

నరసమ్మత్త మా నాయనకు ఒక్కతే చెల్లెలు. బుక్కపట్నంలో చెరువు కింద మాగాణి ఉన్న ఇల్లని చూసి ఇచ్చారు. మాగాణి ఉంది, మనిషే సరిగ్గా లేడు. ఒక పొద్దున చిన్న మూటతో మా గడపలో నిలబడింది, పైపెదవి చిట్లి వాచిపోయి ఉంది. అమ్మ లోపలికి తీసుకుపోయి పసుపు అద్దింది. అవ్వ మాత్రం, "కట్టుకున్నోడు కొట్టక ఊర్లో వాళ్లొచ్చి కొడతారా" అంది. కన్నతల్లి అన్న మాట అది.

కొన్నాళ్లకు బుక్కపట్నం నుంచి పెద్దమనుషులు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. పిల్లను పంపించమన్నారు. అత్త తలుపు వెనక నుంచి, "నేను పోను. పురుగులు మేపుకుని ఈన్నే బతుకుతా" అంది. మా తాత ఉన్నప్పుడు బావి కాడ వేసిన మల్బరీ తోట, కొట్టం పక్కన పురుగుల రూము అప్పటికి ఊరికే పడి ఉన్నాయి. నాయన మీసం దువ్వుకుని, అందరికీ వినబడేటట్టు చెప్పాడు. "సరే. ఈ చలికాలం ఒక పంట తీసి సూపించు. పట్టుగూళ్లు బాగొస్తే ఆ రూమూ తోటా నీవే, మారు మాట లేదు. పంట పోయిందా, నోరెత్తకుండా బుక్కపట్నం పోవల్ల. ఒగటి మాత్రం ఇను, నా ఇంట్లో నుంచి కట్టె గానీ బొగ్గు గానీ ఒక్క పుల్ల ఇయ్యను." పెద్దమనుషులు తలలూపి, ధర్మంగా చెప్పావన్నారు. ధర్మమంట! వానకాలం పంట ఎవరైనా తీస్తారు. చలికాలం పంట తీయాలంటే రూము వెచ్చగా ఉండాలి, దానికి నిప్పు కావాలి, నిప్పుకు బొగ్గు కావాలి. అది తెలిసే అడిగాడు మా నాయన.

అత్త చెవి కమ్మలు ఇచ్చి గుడ్లు తెచ్చుకుంది. చలి తగిలిన పట్టుపురుగు ఆకు ముట్టదు, తల ముడుచుకుని పడుకుంటుంది, రోగం తగిలి పోతుంది. ఉన్నవాళ్లు బొగ్గుల కుంపట్లు పెట్టుకునేవాళ్లు. అత్తకు దొరికింది శెనక్కాయ పొట్టు, అంటే వేరుశెనగ కాయలు ఒలిచాక మిగిలే డొల్లలు. మా ఊర్లో ఏ దిబ్బ చూసినా గుట్టలు గుట్టలు, అడిగేవాళ్లు లేరు. గంపలతో మోసుకొచ్చి ఓటిబానల్లో నింపి, బయట గాలికి పెట్టి అంటించేది. పొగంతా పోయి లోపల నిప్పు మాత్రం ఎర్రగా మిగిలాక, పైన బూడిద కప్పి చేత్తో మెల్లగా ఒత్తేది. పొగ తగిలినా పురుగు చస్తుంది కాబట్టి బాన మీదికి ముఖం వంచి పీల్చి చూసి, దగ్గు రాకపోతేనే లోపలికి మోసుకుపోయి మూలల్లో పెట్టేది. బూడిద కింద ఆ నిప్పు ఎంతసేపు ఉండేదో, గుంభనంగా, మా అత్తలాగే.

అంతటితో ఆగలేదు. రూముకు అవతలి గోడ ఎనుముల, అంటే గేదెల కొట్టానిది. దూరంగా గాటికి కట్టే ఎనుములను తెచ్చి సరిగ్గా ఆ గోడకు ఆనుకునేలా కట్టింది. వాటి ఒంటి వేడి మట్టిగోడలో ఊరి ఇవతలికి వచ్చేది, చెంప ఆనిస్తే తెలిసేది. అమ్మ వంట ముగించిన పొయ్యిలో గులకరాళ్లు పూడ్చి, కాలాక పాతగుడ్డల్లో చుట్టి పురుగులున్న తట్టల కింద పెట్టేది. తన బొంతను తలుపుకు వేలాడదీసి, తాను చీరకొంగు కప్పుకుని పడుకునేది. ఇంత చేసినా వేడి ఎంతుందో చూడడానికి మా దగ్గర ఏ సాధనమూ లేదు. నేనే సాధనం. లంగా జాకెట్టుతో నన్ను రూము నడుమ నిలబెట్టి, "యాడన్నా సలి తగులుతాందా పాపా? ఈడ? ఆడ?" అని అడిగేది. మడిమలకు తగులుతోంది అంటే తలుపు కింద గుడ్డ దోపేది, ముక్కు మీద చెమట పడుతోంది అంటే కిటికీ రెక్క కొంచెం తీసేది. బడిలో ఎవరూ నన్నొక మాట అడిగేవాళ్లు కాదు, అత్త మాత్రం నేను ఏం చెబితే అది చేసేది. ఆ గొప్ప నాకింకా గుర్తుంది.

పురుగులున్న ఇల్లు బాలింత ఉన్న ఇల్లు లాంటిదని మా వైపు మాట. ఘాటు తగలకూడదని పప్పులోకి తిరగవాత పెట్టేవాళ్లు కాదు, ఎండుమిరపకాయలు కాల్చేవాళ్లు కాదు, మేం చప్పిడి పులుసు తిని మూతులు ముడుచుకునేవాళ్లం. నాయన బీడీ తాగాలంటే వీధి మలుపు దాకా పోవాలి, దానికి ఆయన పోతూ తిడుతూ, వస్తూ తిడుతూ ఉండేవాడు. కాళ్లు కడగకుండా ఎవరూ లోపలికి పోకూడదు. ముట్టయిన ఆడవాళ్లు ఆ గడప అసలు తొక్కకూడదు. ఈ మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. పురుగు తోలు మార్చుకోవడానికి కదలకుండా పడుకుంటే మా వైపు జ్వరం అంటారు, అట్లా నాలుగు జ్వరాలు లేచాక గానీ గూడు కట్టదు. రెండో జ్వరం లేచినప్పుడు అత్త దూరంగా ఉండాల్సి వచ్చింది. ఆకు కోసింది అమ్మ, సన్నగా తరిగింది అమ్మ, లోపలికి పోయి తట్టల్లో చల్లింది నేను. అత్త కొట్టం కాడి రాతి మీద కూర్చుని, "పల్సగా సల్లు పాపా, కుప్ప పోయొద్దు, అవి పసిబిడ్డలు" అని అక్కణ్నుంచే అరిచేది. ప్రాణాలన్నీ లోపల పెట్టుకుని కూడా గడప దాటలేదు. మళ్లీ ఆ రోజులు వచ్చేలోగా పంట చేతికొస్తుందని ఊపిరి పీల్చుకుంది.

నాలుగో జ్వరం లేచిన పురుగు ఆకలి చూడాలి. వేలంత లావు, తెల్లగా, చల్లగా ఉండే పురుగులు కొమ్మలకు కొమ్మలే నమిలేసేవి. రూములోకి పోతే ఎవరో చేటలతో బియ్యం చెరుగుతున్నట్టు ఒకటే చప్పుడు. పచ్చాకు వాసన, పురుగుల పులిసిన వాసన, బూడిద వాసన కలిసి జుట్టుకు పట్టేవి. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది. నేను దానికి మల్బరీ పండ్లు తెచ్చిచ్చి నోరు నీలంగా చేసి పగ తీర్చుకునేదాన్ని. అత్త పెదవి మానింది. చంద్రికలను, అంటే పురుగు గూడు కట్టుకోవడానికి వెదురు దబ్బలు చుట్టలుగా కుట్టిన చాపలను, దించి దులిపి ఎండబెట్టింది. "గూళ్లు అమ్మినాక నిన్ను ధర్మవరం పిలుచుకపోతా పాపా. మన పురుగు దారం మగ్గం మీద యాడ కూర్చుంటాదో సూద్దువు" అంది. ఆమె నవ్వగా నేను సరిగ్గా చూసింది ఆ వారం రోజులే.

అప్పుడు ముసురు పట్టింది. సన్నటి వాన, కోసే గాలి, పొట్టు తడిసి అంటుకోవడం లేదు, అంటుకున్నా పొగే. ఎనుములు కూడా వణుకుతున్నాయి. పురుగులు తినడం తగ్గించాయి. అత్త కిటికీల కాడికీ బానల కాడికీ తిరుగుతూ పడిశం పట్టి, ముక్కు దిబ్బడ వేసి, కళ్లు ఎర్రగా చేసుకుంది. సాయంత్రం నాయన వచ్చి తలుపు కాడ కాసేపు నిలబడి చూశాడు. ఏమనిపించిందో, అటక ఎక్కి గోతాల కట్ట దించాడు. అంతకు ముందటేడు విత్తనం శెనక్కాయలు దాచిన గోతాలు.

"ఇందా, కిటికీలకూ గోడలకూ కట్టుకో. గాలి రాదు" అన్నాడు. అత్త ఆ గోతాలను పట్టుచీరలు అందుకున్నట్టు రెండు చేతులతో అందుకుంది. "అన్న ఇచ్చినాడు పాపా, అన్న ఇచ్చినాడు" అని నాతో అంటూ కట్ట విప్పింది. నేను ఒక కొస పట్టుకున్నాను. నాకు తుమ్మొచ్చింది. "నాయనా, పొడి వాసన వస్తాంది" అన్నాను. "శెనక్కాయ వాసనేలేమ్మే. నోరు మూసుకుని పట్టుకో" అన్నాడు. అత్తకు వాసన తెలిసే స్థితి లేదు.

మా రైతుల ఇళ్లల్లో గోతాం పారేసే ఆచారం లేదు. చిరిగితే కుడతారు, కుట్టడానికి పనికిరాకపోతే కాళ్లు తుడుస్తారు, అదీ చీకితే దూడకు కప్పుతారు. విత్తనం కాయకు పుచ్చు పట్టకుండా ఆ గోతాల మీద పురుగుమందు పొడి దట్టంగా చల్లుతారు, అదీ అందరికీ తెలిసిందే. పురుగును చంపే పొడి ఏ పురుగునైనా చంపుతుందని చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కానీ శెనక్కాయ పుచ్చుపురుగు వేరు, మేం బిడ్డల్లాగా సాకే పురుగు వేరు, రెంటినీ ఒకే మాటతో పిలుస్తున్నామని కూడా ఎవరికీ తట్టలేదు. అత్త గోతాలన్నీ బిగించి కట్టి, బానలు దగ్గరగా జరిపింది. రూము వెచ్చగా అయింది. ఆ వేడికి గోతాల్లోని పొడి వాసన ఊరడం మొదలుపెట్టింది.

పొద్దున నేను పోయేసరికి చప్పుడు లేదు. చెరిగే చేటలు ఆగిపోయాయి. పురుగులు తలలు పైకెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి, కొన్ని నోటి నుంచి పచ్చటి నీళ్లు కక్కుకుని సగానికి సగం ముడుచుకుపోయాయి, కొన్ని తట్టల అంచుల మీది నుంచి నేల మీద పడి ఉన్నాయి. అత్త ఏడవలేదు. ఒక పురుగును అరచేతిలో పెట్టుకుని, చలికి బిగుసుకుందేమోనని నోటితో వెచ్చగా ఊదుతూ ఉంది. ఊదుతూనే ఉంది. అది చూడలేక నేనే ఏడ్చాను.

అవ్వ వచ్చి గడప బయటి నుంచే చూసి, ఆ మాట అనేసింది. "ముట్టుతో లోపలికి పోయింటావు. లేకుంటే ఇంత పంట ఒగ రేత్రిలో పోతాదా?" "లేదమ్మా, దేవుని తోడు" అంది అత్త. నేను అడ్డం పడి, "అత్త పోలేదు, నేనే ఆకేసినా, అమ్మనడుగు" అని అరిచాను. అవ్వ నా చెంప పగలగొట్టింది. అమ్మ తల వంచుకుని లోపలికి పోయింది. అప్పటికే వాకిట్లో నలుగురు చేరారు, ఆ మాట వీధి చివరిదాకా పోవడానికి ఎంతసేపు! నాయన వచ్చి తలుపు కాడ నిలబడ్డాడు. గాలి ఎగబీల్చాడు. చూపు తట్టల మీద నిలవలేదు, తిన్నగా గోతాల మీదికి పోయింది. నేను ఆయన ముఖాన్నే చూస్తున్నాను, అత్త తప్పు లేదని ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు అని. ఆయన గొంతు సవరించుకుని, "బండి కట్టిస్తా. తయారుగా ఉండు" అన్నాడు.

అత్త చచ్చిన పురుగులను దిబ్బలో పూడ్చి, తట్టలు కడిగి బోర్లించి, బానల్లో బూడిద పారబోసి గాని బండి ఎక్కలేదు. బండి మలుపు తిరిగాక నేను ఏడుస్తూ తోట వైపు పోయాను. బావి కాలవలో నాయన గోతాలు ఉతుకుతున్నాడు. తన పంచె కూడా తాను ఉతుక్కోని మనిషి, రాతి మీద వాటిని బాది బాది ఉతుకుతున్నాడు. ఎనుములు ఆ కాలవలో మూతి పెట్టబోతే కట్టె తీసుకుని దూరంగా అదిలించాడు. ఎనుములను తాగనివ్వలేదంటే ఏమిటో ఆ వయసులో కూడా నాకు అర్థమైంది. ఆ రోజు నుంచి ఆయన చేత్తో ముద్ద పెడితే నాకు గొంతు దిగలేదు.

మరుసటేడు అదే రూములో నాయన పురుగులు పెట్టాడు. పెట్టిందల్లా బంగారం అయింది. హిందూపురం మార్కెట్టులో మా గూళ్లంటే పేరొచ్చింది, తోట పెరిగింది, మట్టి మిద్దె పోయి రేకుల షెడ్డు వచ్చింది. కొత్తగా పనిలో చేరిన ప్రతి మనిషికీ ఆయన మొట్టమొదట చెప్పే మాట ఒకటే, "శెనక్కాయ గోతాం ఈడికి తేవద్దప్పా." అత్త అవ్వ చావుకు వచ్చింది, నా పెండ్లికి వచ్చింది. వచ్చినప్పుడు షెడ్డు వైపు పోయేది కాదు. ముందరి పళ్లు రెండు లేవు, ఎట్లా పోయాయని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. బుక్కపట్నంలోనే పోయింది. మేం ఆలస్యంగా పోయాం, ముఖం కూడా దక్కలేదు.

ఇప్పుడు ఆ మట్టిగోడ లేదు, గోడకు ఆనించే ఎనుములు లేవు, శెనక్కాయే సరిగ్గా పండని ఊర్లో పొట్టు గుట్టలు ఎక్కడివి? పొట్టు నిప్పు మీద బూడిద ఎంత మందాన కప్పాలో తెలిసిన చెయ్యి పోయింది. ఒక్కటి మాత్రం పోలేదు. మొన్న షెడ్డులో ఒక అరలో పురుగులు నలతగా ఉంటే మా తమ్ముడి కోడలు తట్ట జరుపుతూ, "ఇది నరసమ్మ పంట అయ్యేట్టుండాది" అంది. "నరసమ్మ ఎవరమ్మా?" అని అడిగాను. "ఏమోత్తా, పంట పోతే ఈడ అందురూ అట్లే అంటారు. ఎవరో ముట్టు మైల పాటించనామె అంట" అంది. చేసిన పనంతా మట్టిలో కలిసిపోయింది, చేయని తప్పు మాత్రం ఊరి నోట్లో సామెతై కూర్చుంది.

షెడ్డు కిటికీ బయట, ఎండలో నులకమంచం మీద నాయన పడుకుని ఉన్నాడు. నేను పోయి మంచం పట్టె మీద, ఆయన చెవికి దగ్గరగా కూర్చున్నాను. "నాయనా, ఆ గోతాల సంగతి నీకెప్పుడు తెలిసె?" అని అడిగాను. ఏ గోతాలని అడగలేదు ఆయన. కొండ వైపు చూస్తూ, "ఇచ్చేటప్పుడు తట్టలేదు. పొద్దున తలుపు కాడ నిలబడంగానే తెలిసె" అన్నాడు.

"మరి చెప్పలేదేం?"

"చెప్పింటే తప్పు నాదయ్యేది. రూమూ తోటా దానికి ఇయ్యాల్సొచ్చేది. ఇచ్చింటే నీకేముండె, నీ తమ్మునికేముండె? ఆ తోట గూళ్లతోనే గదా నువ్వు హిందూపురంలో కాలేజీ సదివింది."

నా చదువూ, నా ఉద్యోగమూ, ఒంటి మీది ఈ చీరా అన్నీ ఆ రూములో నుంచే వచ్చాయని ఇంత తీరిగ్గా, ఎండ కాచుకుంటూ చెబుతాడా మనిషి! లేచి షెడ్డులోకి వచ్చేశాను. కోడలు పిల్లను కూర్చోబెట్టి, నరసమ్మ ఎవరో, పొట్టు నిప్పు ఎట్లా చేసేదో, ఎనుములను ఎందుకు గోడకు కట్టిందో, ఆ గోతాలు ఎవరిచ్చారో, ఎవరు ఉతికారో, అన్నీ చెప్పాను. ఆ పిల్ల చేతిలో ఆకు చేతిలోనే పెట్టుకుని వింది.

"అయ్యో! అయితే అది నరసమ్మ పంట యాడిదత్తా, తాత పంట గదా!" అనేసి, నాలుక కరుచుకుని కిటికీ వైపు చూసింది.

"ఇంకొంచెం గట్టిగా చెప్పమ్మా," అన్నాను, "మీ తాతకు చెవులు సరిగ్గా వినపడవు."